తొమ్మిదో మెట్టు మంత్రం

అక్క ఇంట్లోంచి వెళ్లిపోయిన మూడో రోజున, ఆదివారం మధ్యాహ్నం, నాన్న ఆటలో ఆమెను చంపేశాడు.

రెండు ముక్కల్లో తేల్చేశాడు. మేం వంతెన దాటుతున్నామట. వెనక వస్తున్న అక్క మనిషి, విలుకత్తె, కాలి కింద వంతెన విరిగి, నదిలో పడి పోయిందట. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. పాచిక వెయ్యలేదు. చెయ్యి అందించే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. టేబుల్ మీదున్న ఆమె యాభై గ్రాముల రాయిని పసుపు గుడ్డతో పట్టుకుని తీసి, చెక్కపెట్టెలో దాని గుంటలో పెట్టేశాడు.

"మీరు అవతలి ఒడ్డుకు చేరారు. ఏం చేస్తారు?" అని అడిగాడు.

బయట ఆ ఏటి మొదటి వాన పడుతోంది. మేం ఎవరమూ ఏమీ చెయ్యలేదు.

మా నాన్న కాటాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గది దుకాణం, వెనక రెండు గదులు మేం. త్రాసు ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా నాన్న దాన్ని బయటికి పంపడు. తూకం రాళ్లను ఉత్త చేత్తో ముట్టనివ్వడు. వేళ్ల జిడ్డు అంటితే బరువు మారుతుందంటాడు. ఇత్తడివే అయినా వాటిని మేం రాళ్లనే అంటాం. అరిగిపోయి వ్యాపారానికి పనికిరాని పాత రాళ్ల పెట్టె ఒకటుంది. అది ఆటకి.

ఆట ఎలా వచ్చిందంటే, పాత కాగితాల కొట్లో కాటా సరిచేస్తున్నప్పుడు నాన్నకి గుట్ట కింద ఒక పుస్తకం దొరికింది. ఇంగ్లీషుది, సగం పేజీలు లేవు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాది కూర్చుని పొడుగు నోటుపుస్తకంలో దాన్ని తెలుగు చేశాడు. పోయిన పేజీల్లో ఏముండి ఉంటుందో తనే ఆలోచించి రూళ్లు రాశాడు. ఆటలో ఒకరు కథ నడుపుతారు, అది నాన్న. మిగతావాళ్లం తలా ఒక మనిషిని కాగితం మీద తయారుచేసుకుని ఆ కథలో తిరుగుతాం. దెబ్బ తగిలిందా తప్పిందా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఎవరి మనిషికి వాళ్లకో రాయి. బాబాయిది గొడ్డలి పట్టిన మరుగుజ్జు, రెండు వందల గ్రాములు. అమ్మది దొంగ, పది గ్రాములు. అక్కది విలుకత్తె. నాది ఇరవై గ్రాములు, నేను క్లెరిక్‌ని. నాన్న పుస్తకంలో 'దైవసేవకురాలు' అని రాసుకున్నాడు. ఆ మాట పూర్తిగా పలికేలోపు రాక్షసుడు వచ్చి కొట్టిపోతాడని బాబాయి అనడంతో క్లెరిక్ అన్నదే నిలబడింది.

క్లెరిక్ పని దేవుణ్ణి తలచుకుని గాయాలు మాన్పడం. వినడానికి గొప్పగానే ఉంటుంది. నిజానికి నా వంతు వస్తే చాలు, ఎవరో ఒకరు చెయ్యి చాచేవారు. బాబాయికి గొడ్డలి ఊపడం తెలుసు గానీ తప్పుకోవడం తెలీదు. నాలుగేళ్ల ఆటలో నేను నా కోసం వేసిన పాచికలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

అక్క వెళ్లిపోవడానికి కారణం పెద్దదేమీ కాదు, పెద్దదే. ఎనిమిదేళ్లు నాన్న పక్కన కూర్చుని పని నేర్చుకున్న మనిషి, ఎలక్ట్రానిక్ కాటాలు అమ్మే కంపెనీలో రిపేరు పనికి చేరింది. ఆ కంపెనీ దగ్గరే ఒక గది తీసుకుంది. నాన్న దృష్టిలో అది శత్రువు కోటలోకి వెళ్లి తలుపు వేసుకోవడం. అలాగని ఇంట్లో ఒక్క మాట అనలేదు. అక్క పెట్టె సర్దుకుంటుంటే పక్కనే కూర్చుని ఎవరిదో త్రాసు గొలుసులు తోముతున్నాడు. అనాల్సిందంతా ఆ వంతెన మీద అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పను. బాగానే పట్టింది. పొద్దున్న లేచాక మాత్రం నోటుపుస్తకం గుర్తొచ్చింది. కిందటేడు వానలకు అది తడిసి పాడైతే, కొత్తదాంట్లోకి మొత్తం ఎత్తిరాసింది నేనే. పల్లెబడిలో మా మాస్టారు గీత మీద గీత పెట్టించి నేర్పిన గుండ్రటి రాత నాది. ఏ రూలు ఏ పేజీలో ఉందో నాన్నకన్నా నాకే బాగా తెలుసనుకునేదాన్ని. పాయింట్లు కూడేకొద్దీ మన మనిషి ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. తొమ్మిదో మెట్టు ఎక్కిన క్లెరిక్, చచ్చిపోయినవాళ్లని శవం లేకపోయినా పేరు పెట్టి పిలిచి లేపచ్చు. మంత్రాల్లోకెల్లా పెద్దది. దానికి మూడు కావాలి. తొమ్మిదో మెట్టు. పెసరగింజంత వజ్రం. చనిపోయి నూరు రోజులు దాటకుండా ఉండడం, ఆటలోని రోజులు. నాకు గుర్తున్నవి ఈ మూడే.

నేను ఏడో మెట్టు మీద ఉన్నాను.

తర్వాతి ఆదివారం, అక్క విలుకత్తెని లేపడానికి నేను వజ్రం వెతుక్కుంటూ వెళ్తున్నానని చెప్పాను. నాన్న మ్యాపు మీద ఏదో గీస్తూ, "వెళ్లు," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అనుకున్నాను. ఎందుకో గంటలోనే తెలిసింది.

మా దారికి అడ్డంగా ఒక నది వచ్చింది. దాటడానికి పన్నెండు రోజులట.

"ఇది నదా అన్నయ్యా, సముద్రమా?" అన్నాడు బాబాయి. బాబాయి బస్సు డ్రైవరు, దూరాల సంగతి తెలిసిన మనిషి.

"వరదలో ఉంది," అన్నాడు నాన్న.

నది తర్వాత కొండ. కొండదారి మంచుతో మూసుకుపోయి పదహారు రోజులు. కొండ దిగాక ఒక సత్రం, అందులో పడుకుంటే తొమ్మిది రోజుల తర్వాతగానీ మెలకువ రాదు. వడ్డించేవాడు మనవాడైతే కడపటి పంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా వడ్డించేవాడు మొదటి పంక్తిలో కూర్చోబెట్టి మరీ గరిటె దాచేవాడు. నేను వంటింటి తలుపు వెనక సుద్దతో రోజులు గీసుకునేదాన్ని. నాలుగు ఆదివారాలకి ముప్పైయేడు గీతలయ్యాయి, ఒక్క మెట్టు ఎక్కలేదు.

మెట్టు ఎక్కకపోవడానికి ఇంకో కారణం ఉంది. రూలు ప్రకారం శత్రువును పడగొడితే పాయింట్లు, నిధి దొరికితే పాయింట్లు. గాయం మాన్పితే ఏమీ లేదు. ఇన్నేళ్లలో అది నాకు తట్టనేలేదు. అందరూ నా మీంచి నడుచుకుంటూ పైకి వెళ్లారు, బాబాయి పదో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అందుకని ఆ వారం తోడేళ్ల గుంపు మీద పడ్డప్పుడు, నా వంతు రాగానే నిప్పు మంత్రం వేశాను.

బాబాయి చాచిన చెయ్యి అలాగే ఉంది. "బుజ్జీ, నాకు మూడు ప్రాణాలే మిగిలాయి. చూశావా?"

చూశానన్నాను.

"చూసి?"

"నువ్వు కొంచెం వెనక్కి జరుగు బాబాయ్."

అమ్మ బొత్తాం కుడుతూ నవ్వింది. బాబాయి మరుగుజ్జు ఆ రోజు చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడింది. ఇంటికి వెళ్తూ గొడుగు విప్పుకుంటూ, దేవుడు కూడా ఈమధ్య డ్యూటీ మానేశాడన్నమాట అని సణుక్కున్నాడు. నాకు సిగ్గేమీ అనిపించలేదు. రెండు తోడేళ్లు నావి. పాయింట్లు రాయమని పుస్తకం నాన్న ముందుకు తోశాను.

అలా వానలు గట్టిపడే వేళకి ఎనిమిదో మెట్టు ఎక్కాను.

వారంలో మిగతా ఆరు రోజులు దుకాణంలో అక్క పని నా మీద పడింది. త్రాసు పళ్లాలు తోమడం, త్రాసు కాడ ఆని ఊగే కత్తి అంచులు సానరాయి మీద రాయడం, గొలుసులు సరిచూడడం. అక్క చేతిలో ముల్లు రెండు ఊపుల్లో నిలబడేది, నా చేతిలో పది ఊపులు ఊగేది. నాన్న అది చూసి, ఏమీ అనకుండా నా చేతిలోంచి తీసుకుని తను సరిచేసేవాడు. ఏదైనా అంటే బాగుండేది. పైకప్పు కురిసేచోట గిన్నె పెడితే దానిలో బొట్టు పడే చప్పుడు ఒక్కటే ఇద్దరి మధ్యా. ఒకసారి ఉండబట్టలేక, అక్క ఉంటే ఈపాటికి అయిపోయేదన్నాను. "ఉంటే," అన్నాడు నాన్న.

ఒక రోజు రాగి రేకు కొనడానికి బజారుకెళ్లి, దారి మార్చి అక్క కంపెనీకి వెళ్లాను. అద్దాల గది. గోడ పొడుగునా బల్లలు, బల్లల మీద కాటాలు, అన్నిటి మీదా ఎర్రటి సున్నాలు. ముల్లు లేదు, ఊగడం లేదు. అక్క నీలం కోటు వేసుకుని ఒకదాని పొట్ట విప్పి కూర్చుంది. నన్ను చూసి లేవలేదు గానీ కాలితో స్టూలు ముందుకు నెట్టింది.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగింది. కప్పు ఏ మూల కురుస్తోందని అడిగింది. కత్తి అంచు రాసేటప్పుడు ఎప్పుడూ ఒకే వైపుకు రాయాలని చెప్పి, నా చెయ్యి పట్టుకుని చూపించింది. తర్వాత స్క్రూలు బిగిస్తూ తల ఎత్తకుండా అడిగింది.

"నా రాయి ఎక్కడుంది?"

"పెట్టెలో."

"ఎలా చంపాడు?"

వంతెన విరిగిందని చెప్పాను.

"పాచిక ఎంత పడింది?"

"వెయ్యలేదు."

అక్క చెయ్యి ఆగింది. కస్టమరు చూడకుండా ఒక్క గింజ కూడా పళ్లెంలోంచి తియ్యని మనిషి, అంది. బిగించిన కాటా మీద బొటనవేలు ఆనించి, ఏదో అంకె వచ్చేదాకా చూసి, వేలు తీసేసింది. మళ్లీ సున్నా.

నిన్ను లేపబోతున్నానని అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. మొత్తం అయ్యాక ఒక్కసారే చెప్పి ఆశ్చర్యపరచాలనిపించింది. స్టూలు వెనక్కి పెట్టి వచ్చేశాను. ఆ ఒక్క మాట మింగినందుకు తర్వాత నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

వజ్రం ఒక రాక్షసుడి గుహలో ఉంది. డెబ్బై ఒకటో గీత దగ్గర అక్కడికి చేరాం. మూడు ఆదివారాలు ఆ గుహ ముందే గడిచాయి. బాబాయి ముందుకు దూకుతాడు, పడతాడు, నేను మళ్లీ లేపుతాను, వెనక్కి వస్తాం. ప్రతి ఓటమికీ గాయాలు మానడానికి నాలుగు రోజులు. నాన్న ఆ నాలుగునీ తూచినట్టు చెప్పేవాడు, నేను తలుపు వెనకకి వెళ్లి గీసి వచ్చేదాన్ని. ఎనభై మూడో గీత దగ్గర సుద్దముక్క విరిగింది. దాన్ని గోడకేసి కొట్టాను. చప్పుడుకి అందరూ తల తిప్పారు, ఇంట్లో నా వల్ల చప్పుడవడం వాళ్లెప్పుడూ వినలేదు.

అప్పటిదాకా అమ్మ ఆటని కుట్టుపని పక్కన పెట్టుకునే ఇంకో పనిలా ఆడింది. ఎవరెటు వెళ్తే తన పది గ్రాముల రాయిని అటు జరిపేది. ఆ రోజు సూది రవికెకి గుచ్చి పెట్టి, "రాక్షసుడు నిద్రపోతున్నాడా?" అని అడిగింది.

నిద్రపోతున్నాడన్నాడు నాన్న.

"అయితే నేను ఒక్కదాన్నే వెళ్తాను."

పదహారు దాటితే దొంగ దొరక్కుండా బయటపడుతుంది, లేకపోతే రాక్షసుడు లేస్తాడు. అమ్మ పాచిక వేసింది. అది దొర్లుకుంటూ టేబుల్ అంచుదాకా వెళ్లి ఆగింది. పదిహేడు.

నాన్న వంగి దానివంక చూశాడు. "అంచు మీద ఆగింది. చెల్లదు."

"చెల్లుతుందండీ," అంది అమ్మ.

అంతే అంది. మళ్లీ సూది తీసుకుని దారం చివర తడిచేసి ఎక్కించుకుంది. నాన్న వజ్రం నా కాగితం మీద రాశాడు. దాని పాయింట్లు మాత్రం రాయలేదు.

నిధికి పాయింట్లుండాలి కదా అన్నాను. దొంగ తెచ్చింది, దొంగకే అన్నాడు. నోటుపుస్తకం ఇరవై ఆరో పేజీ తెరిచి చూపించాను. నిధి ఎవరు తెచ్చినా గుంపులో అందరికీ సమంగా. నా గుండ్రటి అక్షరాల్లో తన రూలు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషికి, నాలుగో కాలు తన సంతకంతోనే చూపించినట్టయింది. నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అంకె వేశాడు. తొమ్మిదో మెట్టుకి పదకొండు తక్కువ.

ఆ పదకొండు కోసం ఇంకో ఆదివారం పోయింది. బురదలో ఎలుగుబంటితో తలపడ్డాం. బాబాయి గొడ్డలి ఎత్తి, ఆఖరి దెబ్బ కొట్టకుండా ఆగి, "కానీ తల్లీ, నువ్వే కానీ," అని పాచిక నా వైపు దొర్లించాడు.

తొంభై ఏడో గీత. పదమూడో ఆదివారం. వాన సన్నబడి, ఎండ మధ్యలో తొంగిచూసి పోతోంది. నా కాగితం మీద 9 అని రాసి ఉంది. మంత్రం పేరు, వజ్రం, విలుకత్తె పేరు చదివాను. నాలుగేళ్లలో మొదటిసారి టేబుల్ దగ్గర అందరూ నా నోటివంక చూస్తున్నారు.

నాన్న నోటుపుస్తకం తీసి ఆ పేజీ తెరిచాడు. వేలు కిందికి జరుపుకుంటూ వెళ్లాడు. మెట్టు, వజ్రం, రోజులు. వేలు ఇంకొంచెం కిందికి జరిగింది.

"లేచేవాళ్లు ఒప్పుకోవాలి," అని చదివాడు. "ఆ మనిషిని ఆడేవారి నోటితోనే."

పేజీ అడుగున, ఆఖరి గీత మీద ఉంది. నా చేత్తో రాసిందే. రాసినప్పుడు, చచ్చిపోయినవాళ్లు బతకనంటారా ఏమిటి అని నవ్వుకున్నట్టు కూడా గుర్తొచ్చింది.

"ఆడేవారు ఇక్కడ లేరు," అన్నాడు నాన్న. పుస్తకం మూసేశాడు.

ఏడుపు రాలేదు. పళ్లెంలో రాళ్లన్నీ సరిగ్గా పేర్చాక ఎవరో త్రాసునే ఎత్తుకుపోతే వచ్చే కోపం వచ్చింది. అమ్మ తన ఫోను తీసి, అక్క నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, మ్యాపు మధ్యలో నది మీద పెట్టింది.

అక్క ఎత్తింది. అమ్మ అనుకుని, మోకాలు ఎలా ఉందంది. అటువైపు కూడా వాన చప్పుడు వినపడుతోంది.

"నేను అక్కా," అన్నాను. "ఆటలో ఉన్నాం. నీ విలుకత్తెని లేపుతున్నాను. తొమ్మిదో మెట్టు ఎక్కాను. వజ్రం ఉంది. నువ్వు ఒప్పుకుంటే చాలు."

అటు కిటికీ రెక్క మూసిన చప్పుడైంది.

"నాన్న ఉన్నాడా?"

"ఉన్నాడు."

"వంతెన ఎలా విరిగిందో అడుగు."

అడగనక్కర్లేదు, అందరికీ వినపడింది. అయినా నాన్న వైపు తిరిగాను. నాన్న మ్యాపు వంకే చూస్తూ, నాతో అన్నట్టు, "పాత వంతెన," అన్నాడు.

"పాతదట అక్కా."

"వినపడింది," అంది అక్క. "నేను రాను బుజ్జీ. లేపద్దు."

ఫోను వెలుగు ఆరిపోయింది. నాన్న, ఎప్పుడూ చదివే గొంతుతోనే, ఆత్మ ఒప్పుకోలేదు, మంత్రం వృథా, వజ్రం పొడైపోయింది అన్నాడు. పెన్సిలు తీసుకుని నా కాగితం మీద వజ్రం కొట్టేశాడు. కొట్టేసి, ఆ గీత మీదే పెన్సిలు పెట్టి ఉండిపోయాడు. బాబాయి దగ్గబోయి మానుకున్నాడు.

"ఇంకోసారి అడుగు," అన్నాడు నాన్న.

అర్థం కాలేదు నాకు. వజ్రం పోయింది కదా అన్నాను.

"ఉందనుకో."

నాన్న నోట 'అనుకో' అన్న మాట నేను అంతకుముందు వినలేదు. అర గ్రాము ఉందనుకోమని అడిగిన వ్యాపారిని దుకాణం మెట్లు దింపిన మనిషి. అది విని మెత్తబడాల్సింది. నాకు మాత్రం మూడు నెలల మంట ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"నది పన్నెండు రోజులన్నావు, దాటాను. సత్రంలో పడుకోబెట్టావు, లేచాను. బాబాయిని చావడానికి వదిలేసి మరీ మెట్లెక్కాను. నువ్వు పెట్టిన రూళ్లన్నీ నీ కన్నా నేనే బాగా పాటించాను నాన్నా. ఇప్పుడు వజ్రం ఉందనుకొని మళ్లీ నేనే అడగాలా? అక్క అడిగింది క్లెరిక్‌ని కాదు. వంతెన నేను కట్టలేదు, నేను విరగ్గొట్టలేదు. నువ్వే వెళ్లి అడుగు."

ఇంత మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ, టీ పెట్టనా అంది. నేను దుకాణంలోకి వెళ్లి, తోమిన పళ్లాలనే మళ్లీ తోమాను. తోముతుంటే ఇంకో సంగతి తట్టి ఇంకా ఒళ్లు మండింది. మూడు నెలలు నాన్నని అడిగాను, పుస్తకాన్ని అడిగాను, పాచికని అడిగాను. రావాలని ఉందా అని అక్కని మాత్రం ఒక్కసారీ అడగలేదు. స్టూలు మీద కూర్చుని కూడా అడగలేదు. నాన్న దాన్ని అడక్కుండా చంపాడు, నేను అడక్కుండా లేపబోయాను. ఇద్దరం ఒక తాను ముక్కలమే.

సోమవారం పొద్దున్న నేను లేచేసరికి దుకాణానికి తాళం వేసే ఉంది. తలుపు వెనక గొడుగు లేదు. పనిముట్ల సంచి కొక్కేనికే వేలాడుతోంది. ఆట పెట్టె బల్ల మీద తెరిచి ఉంది. యాభై గ్రాముల గుంట ఖాళీ. పసుపు గుడ్డ మడత విప్పకుండా పెట్టెలోనే ఉంది.

అమ్మకి చూపించాను. అమ్మ గుడ్డని చేత్తో ఒకసారి తాకి, పెట్టె మూత వేసింది.

నాన్న మధ్యాహ్నానికి వచ్చాడు. గొడుగు ఉన్నా ఒక భుజం పూర్తిగా తడిసిపోయి ఉంది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, దుకాణం తెరిచి, నిన్నటి త్రాసు ముందేసుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని కత్తి అంచు రాస్తున్నాను, అక్క చెప్పినట్టు ఒకే వైపుకి. అమ్మ గుమ్మంలో నిలబడింది. మా ఇద్దరిలో ఎవరు ముందు అడుగుతారో చూస్తున్నట్టుంది గిన్నెలో బొట్టు.

"ఏమందండీ?" అని అమ్మే అడిగింది.

"వంతెన ఎలా విరిగిందని అడిగింది."

"మీరేమన్నారు?"

నాన్న గొలుసు ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి మార్చాడు. "నేనే విరగ్గొట్టానన్నాను. పాచిక వెయ్యలేదన్నాను."

గొలుసు సరిగ్గా కూర్చోలేదు. మళ్లీ విప్పాడు.

"రాయి?" అన్నాను నేను.

"దాని దగ్గరుంది. ఆ కంపెనీ కాటా మీద పెట్టి తూచింది. నలభై తొమ్మిదీ పాయింటు ఆరట." గొలుసు మళ్లీ తగిలించాడు. "నిజమే. అరిగింది."

ఎలక్ట్రానిక్ కాటా చెప్పిన అంకెను మా నాన్న నిజమే అనడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆదివారం రాయి పట్టుకొస్తానందట. విలుకత్తెని మాత్రం లేపద్దందట. చచ్చినవాళ్లు చచ్చినట్టే ఉండనీ, కొత్త కాగితం ఒకటి తీసి పెట్టమందట.

కొత్త కాగితం అంటే మొదటి మెట్టు మనిషి. ఎలుక కరిచినా పోతుంది. ఊరి పొలిమేర దాటేలోపు నాలుగుసార్లు పడిపోతుంది, పడిపోయినప్పుడల్లా నా వైపు చెయ్యి చాస్తుంది. పదమూడు ఆదివారాలు, తొంభై ఏడు గీతలు, ఒక వజ్రం, ఇన్ని పోసి తొమ్మిదో మెట్టు ఎక్కింది మళ్లీ మొదటి మెట్టు గాయాలకి కట్లు కట్టడానికన్నమాట. నాన్న వంతెన విరగ్గొట్టానన్న ఆ ఒక్క ముక్కా మొదటి ఆదివారమే అని ఉంటే నా సుద్దముక్క మిగిలేది.

అదే అన్నాను పైకి. నాన్న తల ఎత్తలేదు. ముల్లు ఊగడం ఆగేదాకా చూసి, గుడ్డ కోసం చెయ్యి చాచాడు. అందించాను.

కాగితం మీద గీతలు నన్నే గియ్యమన్నాడు, నా రాత బాగుంటుందని.